ఏడు రోజులు ముట్టవద్దు, 48 గంటల్లో చెప్పాలి: ఒక బాల్ పైథాన్ కొనుగోలుపై సమీక్ష

మేము కొన్న బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువతో పాటు పెట్టెలో రెండు కాగితాలు వచ్చాయి. పాము కొత్త చోటికి అలవాటు పడేదాకా ఏడు రోజుల పాటు దాన్ని చేతిలోకి తీసుకోవద్దని, మేత పెట్టవద్దని, అది దాక్కునే గూడును ఎత్తి చూడవద్దని మొదటి కాగితంలో ఉంది. పాము ఆరోగ్యం గురించి ఏ ఫిర్యాదు ఉన్నా అందిన 48 గంటల లోపల ఫొటోలతో సహా తెలియజేయాలని, ఆ గడువు దాటితే తమకు ఎలాంటి బాధ్యతా ఉండదని రెండవ కాగితంలో ఉంది. మొదటి కాగితం చెప్పినట్టు నడుచుకున్నవారికి రెండవ కాగితం ఇచ్చిన హక్కు దక్కదు. ఈ సంగతి నాకు ఆ రోజే తట్టి ఉంటే బాగుండేది. ఐదు వారాల తరువాత పాము చనిపోయింది. ఆ ఐదు వారాలలో అమ్మినవారికీ మాకూ మధ్య వచ్చిన వివాదమంతా ఈ రెండు కాగితాల నడుమ ఉన్న సందులోనే నడిచింది. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి షరతులు వారొక్కరివే కావు. ఆ తరువాత నేను చదివిన పెంపకందారుల పేజీలలో చాలావాటిలో ఇదే 48 గంటల మాట, కొన్నిటిలో 24 గంటల మాట కనిపించింది.

మేము ఉండేది డాలస్ శివారులో. కొన్నది మా అమ్మాయి కోసం. పద్నాలుగేళ్ల పిల్ల రెండేళ్లుగా అడుగుతూ వచ్చింది. బాల్ పైథాన్ పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతికే జీవి కనుక, తను కాలేజీకి వెళ్లిపోయాక దాని బాధ్యత నా భార్యకూ నాకూ మిగులుతుందని తెలిసే ఒప్పుకున్నాము. టెక్సాస్‌లో బర్మీస్ పైథాన్, రెటిక్యులేటెడ్ పైథాన్ వంటి భారీ పాములకు రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి కావాలి గాని, ఆఫ్రికా పశ్చిమ, మధ్య ప్రాంతాలకు చెందిన, సాధారణంగా నాలుగైదు అడుగులకు మించని ఈ చిన్న కొండచిలువకు అక్కరలేదు. మేము ఎంచుకున్నది పైబాల్డ్ రకం: తెల్లటి ఒంటిమీద అక్కడక్కడ ముదురు గోధుమ రంగు మచ్చలు, మెడ దగ్గర మాత్రం వలయంలా చుట్టుకున్న మచ్చ. ధర 450 డాలర్లు, రవాణాకు 60. అమ్మకపు పేజీలో, ఇది గడ్డకట్టించి కరిగించిన ఎలుకపిల్లలను వరుసగా ఆరుసార్లు తిన్నదని, పూర్తి ఆరోగ్యంతో ఉన్నదని స్పష్టంగా రాశారు. ఈ వాక్యం తరువాత చాలా అవసరమైంది.

మెచ్చుకోవలసినది ముందు చెప్పాలి. అమెరికా పోస్టాఫీసులు పాములను తీసుకోవు కనుక ఫెడెక్స్ ఓవర్‌నైట్‌లో పంపారు. పంపే ముందు రోజు వారి ఊరి వాతావరణం, మా ఊరి వాతావరణం రెండూ చూసి, ఇంటి గుమ్మం దగ్గర ఎండలో పెట్టె పడి ఉండకుండా, ఫెడెక్స్ కేంద్రానికే వెళ్లి తీసుకొమ్మన్నారు. నాలుగు వైపులా ఫోమ్ పలకలు, మధ్యలో మూతి ముడివేసిన మెత్తటి గుడ్డసంచి, కదలకుండా చుట్టూ నలిపిన కాగితం. బయట వెచ్చగా ఉన్నందున హీట్ ప్యాక్ పెట్టలేదని చీటీ కూడా రాశారు. ఈ పని తెలిసినవారు, శ్రద్ధగా చేసేవారు అని ఆ పెట్టె చూస్తేనే తెలుస్తుంది. వంటింటి త్రాసు మీద తూచితే 168 గ్రాములు ఉంది. ఒంటిమీద మైట్లు (రక్తం పీల్చే సన్నటి పురుగులు) లేవు, కళ్లు తేటగా ఉన్నాయి, ముక్కు పొడిగా ఉంది. 48 గంటలలో ఒక మామూలు మనిషి చూడగలిగినవి ఇవే, ఇవన్నీ బాగానే ఉన్నాయి.

మేము వారు చెప్పినట్టే ఏడు రోజులు ముట్టలేదు. ఎనిమిదో రోజు ఎలుకపిల్లను చూపిస్తే తల తిప్పుకుంది. బాల్ పైథాన్‌లు మేత మానడం సాధారణమే కనుక కంగారు పడలేదు. పదకొండో రోజు రాత్రి మా అమ్మాయి నన్ను నిద్ర లేపి, "నాన్నా, గూట్లోంచి టిక్ టిక్ మని వస్తోంది, థర్మోస్టాట్ పాడైందేమో చూడు" అంది. గూటి వేడిని అదుపు చేసే ఆ థర్మోస్టాట్ బాగానే ఉంది. శబ్దం పాము ఊపిరిది. టార్చి వెలుగులో చూస్తే, తల నిటారుగా గోడకు ఆనించి పైకెత్తి పెట్టుకుని ఉంది. ఎడమ ముక్కురంధ్రం దగ్గర ఆవగింజంత బుడగ వస్తోంది, పగులుతోంది, మళ్లీ వస్తోంది. పాములకు మనలా ఉదరవితానం (డయాఫ్రమ్) ఉండదు, గొంతులో చేరిన చీమిడిని దగ్గి బయటకు పంపలేవు. అందుకే తలను అలా పైకెత్తి గాలికి దారి చేసుకుంటాయని మర్నాడు వెటర్నరీ డాక్టరు చెప్పారు.

కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ప్రతి ఆస్పత్రిలోనూ పాముకు వైద్యం దొరకదు. సరీసృపాల, ఉభయచరాల వైద్యుల సంఘం ఒకటి ఇక్కడ 1991 నుంచి ఉంది. దాని జాబితాలో వెతికి గంట దూరంలో ఉన్న ఒకామెను పట్టుకున్నాము. నోరు తెరిచి చూస్తే లోపలి పొర ఎర్రగా కందిపోయి, జిగురు తీగలు సాగుతున్నాయి. నోటి నుంచి దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి, పాములకు ఊపిరి జబ్బు తెచ్చే నిడోవైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేలోగా సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పాముకు అది 72 గంటలకు ఒకసారి ఇస్తే చాలు. మోతాదు నింపిన చిన్న సిరంజీలను ఇచ్చి ఫ్రీజర్‌లో పెట్టుకొమ్మన్నారు. ఒక్కొక్కటి తీసి గుప్పిట్లో పట్టుకుని కరిగించి, ఒంటి ముందు భాగంలో వెన్ను పక్కన ఉండే కండలోకి ఎక్కించాలి. మందు వైరస్‌ను ఏమీ చేయదని, దాని వెంట వచ్చే బాక్టీరియాను మాత్రమే అదుపు చేస్తుందని ముందే చెప్పారు. తొమ్మిది రోజులకు ఫలితం వచ్చింది. నిడోవైరస్ ఉంది. బాల్ పైథాన్‌లలో శ్వాసకోశ వ్యాధికి ఈ వైరస్ కారణమని శాస్త్రవేత్తలు 2014లో గుర్తించారు. దీనికి ఇప్పటికీ నేరుగా పనిచేసే మందు లేదు.

ఇక వివాదం. జబ్బు చేసిందని తెలిసిన మర్నాడే, వీడియో జతచేసి అమ్మినవారికి సందేశం పంపాను. అరగంటలో జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది: జరిగిన దానికి విచారిస్తున్నామని, అయితే హామీ గడువు తొమ్మిది రోజుల కిందటే ముగిసిందని. గడువు సంగతి నాకూ తెలుసు, మీ సంరక్షణ కాగితం ప్రకారమే ఏడు రోజులు దాన్ని ముట్టలేదని రాశాను. దానికి సూటిగా జవాబు రాలేదు. బదులుగా, బాల్ పైథాన్‌కు ఊపిరి జబ్బు చేసిందంటే పెట్టిన చోట చలి ఎక్కువై ఉండాలి, మీ ఉష్ణోగ్రతలు ఎంత అని అడిగారు.

సరీసృపాల అమ్మకంలో ప్రతి తగవూ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. వేడి చాలని గాజుపెట్టెలో, తడి లేని గాలిలో పెట్టి, జబ్బు చేశాక అమ్మినవారి మీద పడే కొనుగోలుదారులు ఉన్నారు. ఇంట్లో ఉన్న పాత పాము నుంచి మైట్లు అంటించుకుని కొత్త పామే తెచ్చిందనేవారు ఉన్నారు. మోజు తీరిపోయి డబ్బు వెనక్కి అడిగేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి అలాంటివారితో వేగిన మనిషి ముందుగా ఉష్ణోగ్రత అడగడాన్ని నేను తప్పు పట్టను. అందుకే నా థర్మోస్టాట్ నమోదు చేసిన లెక్కలన్నీ పంపాను: వెచ్చని వైపు 89 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లని వైపు 78, గాలిలో తేమ 60 శాతం. వాటిలో నాకు అనుకూలం కాని ఒక రాత్రిని కూడా దాచలేదు. నాలుగో రోజు రాత్రి ఇంట్లో బ్రేకర్ పడిపోయి, తెల్లవారుజామున చూసుకునేసరికి వెచ్చని వైపు 73 డిగ్రీలకు దిగింది. సుమారు ఐదు గంటలు అలా ఉంది. అమ్మినవారు ఆ ఒక్క రాత్రిని పట్టుకున్నారు. మిగిలిన పది రోజుల లెక్కలు వారికి కనబడలేదు.

ఆ రాత్రి సంగతి నన్నూ చాలా రోజులు బాధించింది. డాక్టరు గారిని రెండుసార్లు అడిగాను. చలి పాము రోగనిరోధక శక్తిని తగ్గించగలదని, ఉన్న జబ్బును ముదిరేలా చేయగలదని ఒప్పుకుంటూనే, చలి వైరస్‌ను పుట్టించలేదని ఆమె చెప్పారు. వైరస్ మరో పాము నుంచి రావలసిందే. మా ఇంట్లో అంతకుముందు పాము లేదు, ఇప్పుడూ మరో పాము లేదు. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కావాలని ఈ వైరస్ ఎక్కించిన బాల్ పైథాన్‌లలో కూడా లక్షణాలు బయటపడటానికి వారాలు పట్టింది. అలాంటప్పుడు పదకొండో రోజుకే ముక్కున బుడగలు వచ్చిన పాము, ఆ వైరస్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకున్నట్టు?

పరీక్ష ఫలితం పంపాక వారి వాదన రెండుసార్లు మారింది. మీరు ఏదైనా పాముల ప్రదర్శనకు వెళ్లి వేరే పాములను పట్టుకున్నారా అని అడిగారు. వెళ్లిన మాట నిజమే. పాము ఇంటికి రావడానికి నెల ముందు ఆర్లింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనలో మా అమ్మాయి రెండు పాములను చేతిలోకి తీసుకుంది. నెల రోజుల పాటు చేతుల మీద నిలిచి ఉండే వైరస్ కాదిది. ఆ తరువాత, మా దగ్గర రెండు వందల పాములున్నాయి, ఒక్కదానికీ ఊపిరి జబ్బు లేదు, కనుక మీ పరీక్షే తప్పు అన్నారు. ఈ వాదన వినడానికి బలంగానే ఉంటుంది. కాని నిడోవైరస్ సోకిన పాముల్లో పైకి ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి తిరిగేవి ఉంటాయి. ఒకే గదిలో, ఒకదానిపై ఒకటిగా పేర్చిన డబ్బాలలో, అదే పట్టకారుతో మేత అందుకునే రెండు వందల పాములలో ఎన్నిటికి ఉందో, స్వాబ్ తీస్తే తప్ప చెప్పలేము. ఎన్నిటికి పరీక్ష చేయించారని అడిగాను. ఆ ప్రశ్నకు రెండు రోజులు జవాబు రాలేదు.

తరువాత వచ్చినవి మూడు ప్రతిపాదనలు. పాము ధరకు సమానమైన మరో పామును ఉచితంగా ఇస్తాము, రవాణా ఖర్చు మీది అన్నారు. అదే గది నుంచి వచ్చే మరో పామును మా ఇంటికి ఎలా తేగలను? ఈ పామును వెనక్కి పంపితే సగం ధర ఇస్తామన్నారు. ఊపిరాడని జీవిని గుడ్డసంచిలో కట్టి రాత్రంతా విమానంలో పంపడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, డాక్టరు గారు కూడా కూడదన్నారు. చివరిది, సగం ధర ఇస్తాము, అయితే ఎక్కడా ఏమీ రాయకూడదు. నేను ఒప్పుకోలేదు. డబ్బు కంటే ఆ మూడో షరతే నన్ను ఎక్కువ నొప్పించింది. ఎందుకంటే అదే వారంలో, మా పాము పుట్టిన అదే ఈతకు చెందిన మరో రెండు పిల్లలు వారి పేజీలో అమ్మకానికి ఉన్నాయి. వాటిని కొనబోయే ఇంటివారికి తెలియవలసిన విషయాన్ని రెండు వందల ఇరవై ఐదు డాలర్లకు నేను అమ్ముకున్నట్టవుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. జబ్బు కుక్కను అమ్మితే డబ్బు తిరిగి రాబట్టే ప్రత్యేక చట్టాలు ఇక్కడ కొన్ని రాష్ట్రాలలో ఉన్నాయి గాని, అవి ప్రధానంగా కుక్కలకు, కొన్నిచోట్ల పిల్లులకు వర్తిస్తాయి. పాము కొనుగోలుకు మిగిలేది సరుకుల అమ్మకానికి సంబంధించిన సాధారణ నియమావళి, అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్. దాని ప్రకారం పాము కూడా సరుకే. అమ్మేటప్పుడు "ఆరుసార్లు తిన్నది, పూర్తి ఆరోగ్యంతో ఉన్నది" అని వాస్తవంగా చెప్పిన మాట హామీ కిందకు వస్తుంది. లోపం కనబడగానే తగిన సమయంలో అమ్మినవారికి తెలియజేయడం కొన్నవారి బాధ్యత. నేను ఈ రెండు ముక్కలనూ, అమ్మకపు పేజీ ఫొటోనూ, పరీక్ష ఫలితాన్నీ కలిపి ఒకే ఉత్తరంగా పంపాను. ఇక్కడ టెక్సాస్‌లో చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టులో ఇరవై వేల డాలర్ల దాకా దావా వేయవచ్చు, కాని అమ్మినవారు వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు వారిని ఇక్కడి కోర్టుకు రప్పించడమే పెద్ద పని. నాకు ఉన్న అసలు బలం క్రెడిట్ కార్డుతో చెల్లించడం. అలా చెల్లిస్తే కార్డు కంపెనీకి ఫిర్యాదు చేయవచ్చు, నేనూ చేశాను. స్నేహితులకు డబ్బు పంపినట్టుగా, ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో పంపితే మూడు శాతం తగ్గిస్తామని వారు మొదట్లో అడిగారు. అలా పంపిన డబ్బుకు కొనుగోలు రక్షణ ఉండదని తెలిసి నేను వద్దన్నాను. పాము కొనే ఎవరికైనా నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదొక్కటే.

హైదరాబాదు నుంచి నన్ను అడిగినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కనుక ఒక మాట. అక్కడి చట్టం వేరు. మన దేశపు పాములను ఇంట్లో పెంచడానికి వీలే లేదు. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులకు వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణ, 2024 నాటి నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. ఆ పత్రాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొంటే, జబ్బు చేసిన రోజున ఎవరి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంటారు?

నాగుల చవితి నాటికి పాము మరీ నీరసించింది. తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉన్న మా అత్తగారు మొదటి నుంచీ ఆ గది గుమ్మం దాటేవారు కారు. ఆ రోజు పొద్దున చలిమిడి, చిమ్మిలి చేసి, దేవుడి దగ్గర పెట్టి, ఆ గదిలోకి వచ్చి గాజుపెట్టె ముందు కాసేపు నిలబడ్డారు. "దీనికి పాలు వద్దమ్మా, ఊపిరే ఆడట్లేదు, పడుకోనివ్వండి" అన్నారు. తొమ్మిది రోజుల తరువాత, తెల్లవారుజామున, నీటిగిన్నె పక్కన చనిపోయి ఉంది. ఆఖరిసారి తూచినప్పుడు 139 గ్రాములు.

శవపరీక్ష చేయించాలంటే కళేబరాన్ని గడ్డకట్టించకూడదు, గడ్డకడితే కణజాలం చెడిపోతుంది. చల్లగా మాత్రం ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. గ్యారేజీలో దాచి ఉంచిన, అది వచ్చిన ఫోమ్ పెట్టెనే తెచ్చి, ఐస్ ప్యాకులు పరిచి, అదే గుడ్డసంచిలో పెట్టి, ఆస్పత్రికి తీసుకువెళ్లాము. మా అమ్మాయి పెట్టెను ఒళ్లో పెట్టుకుని గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఊపిరితిత్తి గోడలు మందంగా పెరిగి, గాలి గొట్టం జిగురుతో నిండిపోయి ఉందని, ఇది రోజులలో కాక వారాల తరబడి ముదిరిన న్యుమోనియా అని, నిడోవైరస్ లక్షణాలతో సరిపోతుందని నివేదిక వచ్చింది.

ఆ నివేదిక పంపిన మర్నాడు అమ్మినవారు మొదటిసారి ఫోన్ చేశారు. అంతవరకు సందేశాలలో కనిపించిన మనిషి వేరు, ఫోన్‌లో విన్న మనిషి వేరు. వాదించలేదు. స్వాబ్ నోట్లో ఏ చోట తీశారు, ఏ ప్రయోగశాలకు పంపారు, ఒక్కొక్క పరీక్షకు ఎంతయింది అని అడిగి రాసుకున్నారు. ఈ పాము తల్లి నిరుటి చలికాలంలో రెండు నెలలు మేత మానిందని, అది మామూలే అనుకున్నానని తనంతట తానే చెప్పారు. మరుసటి రోజు పాము ధర 450 డాలర్లు పూర్తిగా తిరిగి వచ్చాయి. ఏమీ రాయకూడదన్న షరతు లేదు. రవాణా ఖర్చు, వైద్యానికీ పరీక్షలకూ అయిన 640 డాలర్లు రాలేదు. నేను మళ్లీ అడగలేదు. కార్డు కంపెనీలో వేసిన ఫిర్యాదును ఉపసంహరించుకున్నాను.

ఐదు నక్షత్రాలకు నేను రెండు ఇస్తున్నాను. ఒకటి ఆ పెట్టె కట్టిన చేతులకు, ఒకటి ఆ ఫోన్‌కు. మూడోది ఇవ్వాలంటే హామీ గడువు వారి సొంత సంరక్షణ కాగితంతో పొసగాలి: ముట్టవద్దన్న ఏడు రోజులూ దాటి, మొదటి మేత తిని, తూకం తీసి, కావాలనుకున్నవారు ఒక స్వాబ్ పరీక్ష చేయించి ఫలితం అందుకునేదాకా, అంటే కనీసం ముప్పై రోజులు. నాలుగోది, ఈతకు పెట్టే తల్లిపాములకు పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని అమ్మకపు పేజీలో పెట్టిన రోజున ఇస్తాను. ఈ సమీక్ష రాయడానికి ముందు నిన్న రాత్రి వారి పేజీ మళ్లీ చూశాను. ఆ ఈతలోని మిగతా రెండు పిల్లలను అమ్మకం నుంచి తీసేశారు. షరతుల పేజీలో మాత్రం ఇంకా 48 గంటలే ఉంది.